పిల్లి మూత్రంలో రాళ్లా? ముందు రాయి రకం తేల్చుకోండి

అబిడ్స్, నాంపల్లిలో ఎలుకల బాధకని దుకాణాల్లో, మేడ ఇళ్లల్లో పిల్లిని సాకేవారున్నారు. పిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్కచుక్కగా పోస్తున్నా, మూత్రం ఎర్రగా పడుతున్నా మూత్రాశయంలో రాళ్లున్నాయేమోనని అనుమానించాలి.

రాళ్లలో ముఖ్యంగా రెండు రకాలు. స్ట్రువైట్ రాయి డాక్టరు చెప్పే ప్రత్యేక ఆహారంతో కొన్ని వారాల్లో కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ రాయి ఏ తిండికీ కరగదు, తీయించాల్సిందే. అందుకే మూత్ర పరీక్ష, ఎక్స్‌రే అయ్యాకే తిండి మార్చండి. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల ఈ పేటలకు దగ్గరే.

ఏ రాయికైనా ఒంట్లోకి నీరు బాగా పోవాలి. ఎండు గుళికల్లో తేమ నూటికి 10 పాళ్లే. డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో 75 పాళ్ల వరకు ఉంటుంది. డాక్టరునడిగి మెల్లగా తడి ఆహారానికి మార్చండి. పాలన్నం పిల్లికి సరైన తిండి కాదు. ఉప్పు పట్టిన ఎండుచేపలు మానేయండి. మనుషులకు వాడుతున్నాం కదా అని ఉలవకట్టు, కొండపిండి కషాయం పట్టకండి.

మగపిల్లికి మూత్రనాళం సన్నం. మూత్రం పూర్తిగా బిగిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడిక తిండి సంగతి పక్కనపెట్టి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.