ట్యాబ్‌లో ఏ సిమ్ వేయాలి? చదువుకునే బల్ల దగ్గరే తేల్చుకుందాం



సిమ్ వేసుకునే ట్యాబ్ ఇంటికి రాగానే మొదలయ్యే చర్చ ఒకటుంది. జియో వేయాలా, ఎయిర్‌టెల్ వేయాలా, వీఐనా, బీఎస్‌ఎన్‌ఎలా? దుకాణంలో ఒకటి చెబుతారు, బావగారు ఇంకొకటి చెబుతారు, పక్కింటివాళ్లు మరొకటి. ముగ్గురూ నిజమే చెబుతుండవచ్చు. ఎందుకంటే ఎవరి ఇంట్లో ఏది బాగా అందుతుందో వాళ్లు అదే చెబుతారు. మీ ఇంటి సంగతి మీ ఇంట్లోనే తేలాలి. మీ అమ్మాయి లేదా అబ్బాయి కూర్చుని చదువుకునే చోట, వాళ్లు చదువుకునే వేళలో ఏ నెట్‌వర్క్ నిలకడగా ఉంటుందో అదే మీకు మంచి నెట్‌వర్క్. దాన్ని రూపాయి ఖర్చు లేకుండా ఎలా తెలుసుకోవాలో ఈ నెల పాఠంలో చూద్దాం.

ముందుగా: అసలు సిమ్ అవసరమా?

సిమ్ సౌకర్యం ఉన్న ట్యాబ్, వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్ కన్నా ఖరీదు ఎక్కువ. దాని మీద ప్రతి నెలా రీచార్జ్ కూడా ఉంటుంది. ఇంట్లో వైఫై ఉంటే, లేదా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు తల్లిదండ్రుల్లో ఒకరి ఫోన్ ఇంట్లోనే ఉంటే, ఆ ఫోన్ హాట్‌స్పాట్‌తో వైఫై ట్యాబ్ చక్కగా నడుస్తుంది.

మన దగ్గర చాలా ఇళ్లలో పరిస్థితి వేరు. నాన్న దుకాణం కట్టేసి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఫోన్ ఆయన జేబులోనే ఉంటుంది. అమ్మ ఫోన్ మీద ఇద్దరు పిల్లలు ఆధారపడతారు. ఇలాంటి ఇంటికి సిమ్ ఉన్న ట్యాబ్ నిజంగా ఉపయోగం.

ఇంటర్నెట్ వైర్ మీ ఊరికి వచ్చిందేమో కూడా ఒకసారి విచారించండి. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో టీ-ఫైబర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో మన జిల్లాలోని మద్దూరు ఒకటి. వైర్ నెట్ ఉన్న ఇంట్లో ట్యాబ్ సిమ్‌కు చిన్న ప్యాక్ సరిపోతుంది.

సిగ్నల్ ఇంటింటికీ ఎందుకు మారుతుంది?

ఇది సైన్స్ పాఠం, మీ పిల్లలతో కలిసి చదవండి. టవర్ నుంచి మన పరికరానికి వచ్చేవి రేడియో తరంగాలు. తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు (700, 850, 900 మెగాహెర్ట్జ్) ఎక్కువ దూరం వెళతాయి, గోడలను దాటి లోపలికి కూడా బాగా వస్తాయి. ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవి (2300, 3500 మెగాహెర్ట్జ్) ఎక్కువ డేటాను మోయగలవు. కానీ దూరం వెళ్లేకొద్దీ, గోడలు అడ్డొచ్చేకొద్దీ త్వరగా బలహీనపడతాయి. అందుకే మేడ మీద వేగంగా ఉన్న నెట్, మందపాటి రాతి గోడల పాత ఇంటి లోపలి గదిలో ఆగిపోతుంది. టవర్ దగ్గరే ఉన్నా ఇలా జరగవచ్చు.

రెండో కారణం రద్దీ. ఒక టవర్ సామర్థ్యాన్ని ఆ చుట్టుపక్కల వాళ్లంతా పంచుకుంటారు. మధ్యాహ్నం రెండు గంటలకు పరుగెత్తిన నెట్, రాత్రి ఎనిమిదికి అందరూ వీడియోలు చూసే వేళకు నత్తనడక నడవవచ్చు. పిల్లల స్టడీ అవర్ కూడా అప్పుడే కదా! పగటిపూట చేసిన పరీక్షను నమ్మకండి.

మూడో కారణం మన జిల్లాకు ప్రత్యేకం. మనం కర్ణాటక సరిహద్దులో ఉన్నాం. టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపి ఒక సర్కిల్, కర్ణాటక వేరే సర్కిల్. రాయచూరు వైపు కృష్ణ మండలంలో గానీ, యాద్గిర్ వైపు సరిహద్దు ఊళ్లలో గానీ ఉండేవారి పరికరం ఒక్కోసారి అవతలి టవర్‌ను పట్టుకుంటుంది. ఇప్పటి సాధారణ ప్రీపెయిడ్ ప్యాక్‌లలో దేశంలోపల రోమింగ్‌కు అదనపు డబ్బు పడదు. కాకపోతే ట్యాబ్ సెట్టింగ్స్‌లో 'డేటా రోమింగ్' ఆపి ఉంటే కొన్ని పరికరాల్లో నెట్ ఆగిపోతుంది. గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోతే, సిమ్ మార్చే ముందు ఆ సెట్టింగ్ చూడండి.

ఇంట్లోనే పరీక్ష: మూడు రోజులు, పది నిమిషాలు

మన ఇళ్లలో, చుట్టుపక్కల, బంధువుల దగ్గర నాలుగు కంపెనీల ఫోన్లూ దొరుకుతాయి. కొత్త సిమ్ కొనకుండానే పరీక్ష చేయవచ్చు.

1. మీ ట్యాబ్ 4జీ మాత్రమే అయితే, పరీక్షించే ఫోన్‌ను కూడా సెట్టింగ్స్‌లో 4జీకి మార్చండి. 5జీ ఫోన్‌లో వచ్చిన వేగం 4జీ ట్యాబ్‌లో రాదు.

2. ఫోన్‌ను పిల్లలు చదువుకునే బల్ల మీదే పెట్టండి. కిటికీ దగ్గరో, డాబా మీదో వద్దు. వైఫై ఆపేయండి.

3. రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య పది నిమిషాలు ఒక పాఠం వీడియో నడపండి. ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. తర్వాత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి 'మైస్పీడ్' యాప్‌తో డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలు రాసుకోండి.

4. మూడు రోజులు ఇలాగే చేయండి. అందులో ఒకటి ఆదివారం కావాలి.

మూడు రోజుల్లో ఒకసారి వచ్చిన అతి పెద్ద అంకెను పట్టించుకోవద్దు. అతి చిన్న అంకెను చూడండి. ఒక నెట్‌వర్క్ 40, 35, 1 చూపి, ఇంకొకటి 8, 7, 6 చూపితే చదువుకు రెండోదే మేలు. వీడియో పాఠానికి నిలకడగా రెండు మూడు ఎంబీపీఎస్ ఉంటే చాలు. లైవ్ క్లాసులో పిల్లలు మాట్లాడాలంటే అప్‌లోడ్ కూడా ఒక ఎంబీపీఎస్ దాకా ఉండాలి.

ఆ ఫోన్లు దొరకకపోతే కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు ఉన్నాయి. ట్రాయ్ ఆదేశాలతో కంపెనీలు వీటిని ప్రజల ముందు పెడుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో మీ ఇంటి చుట్టూ ఏయే కంపెనీల టవర్లు ఉన్నాయో చూడవచ్చు. మ్యాపు వీధి వరకు చెబుతుంది. గది లోపలి సంగతి తెలియాలంటే పరీక్షే దారి.

ట్యాబ్‌కూ నెట్‌వర్క్‌కూ పొత్తు కుదరాలి

ట్యాబ్ పెట్టె మీదో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో అది పట్టుకోగల బ్యాండ్ల జాబితా ఉంటుంది. జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి వాడేవాటిలో 700 మెగాహెర్ట్జ్ ముఖ్యమైనది. దీన్ని బ్యాండ్ 28 అంటారు. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. మీ ఊళ్లో ఆ టవర్ ఉంటే తప్పక పరీక్షించదగిన నెట్‌వర్కే. కానీ పాత ట్యాబ్‌లోనో, విదేశం నుంచి ఎవరో పంపిన ట్యాబ్‌లోనో బ్యాండ్ 28 లేకపోతే పక్కనే టవర్ ఉన్నా సిగ్నల్ సరిగా అందకపోవచ్చు.

కొత్త ఐప్యాడ్ సెల్యులార్ మోడళ్లలో కొన్నింటికి ప్లాస్టిక్ సిమ్ పెట్టే చోటే లేదు. వాటికి ఈసిమ్ కావాలి. మీరు ఎంచుకున్న కంపెనీ ట్యాబ్‌కు ఈసిమ్ ఇస్తుందా, దానికి ఏమేం కావాలి అనేది ట్యాబ్ కొనకముందే స్టోర్‌లో అడగండి.

డేటా ఎంత కావాలి? ఏడో తరగతి లెక్క

పిల్లలతో ఈ లెక్క చేయించండి. ఒక వీడియో సెకనుకు 1 మెగాబిట్ వాడితే గంటకు 3600 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైట్. 3600ను 8తో భాగిస్తే 450. అంటే గంటకు 450 ఎంబీ.

మామూలు రోజున ఒక గంట క్లాసుకు 450 ఎంబీ, అరగంట డౌట్ వీడియోకు 225 ఎంబీ, నోట్సుకూ వెతుకులాటకూ ఒక 100 ఎంబీ అనుకుందాం. మొత్తం 775 ఎంబీ. రోజుకు 1 జీబీ ఉంటే చాలు. ఆదివారం మూడు గంటలు చూస్తే 1350 ఎంబీ అవుతుంది, 1.5 జీబీ కావాలి. అదే వీడియోను హెచ్‌డీలో పెడితే వాడకం రెండు మూడింతలవుతుంది. పాఠానికి 480పీ నాణ్యత సరిపోతుంది, బోర్డు మీది అక్షరాలు బాగానే కనిపిస్తాయి.

రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్యాక్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. దాంతో వీడియో పాఠం నడవదు. యాప్‌లు, సాఫ్ట్‌వేర్ వాటంతట అవే అప్‌డేట్ కాకుండా 'వైఫైలో మాత్రమే' అని పెట్టండి. లేదంటే మంగళవారం కోటా అంతా అప్‌డేట్ తినేస్తుంది, పాఠం మధ్యలో ఆగుతుంది. 'అన్‌లిమిటెడ్ 5జీ' ప్రకటన చూసి ప్యాక్ తీసుకునేముందు ఇంకో మాట. 5జీ ట్యాబ్, ఇంట్లో 5జీ సిగ్నల్, అర్హత ఉన్న ప్యాక్ మూడూ ఉంటేనే అది మీకు వర్తిస్తుంది.

రీచార్జ్ కాలం కూడా లెక్కే. 28 రోజుల ప్యాక్ అంటే నెల కాదు. ఏడాదికి 13 సార్లు వేయాలి. జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 వరకు బడి సుమారు 315 రోజులు అనుకుంటే, 28 రోజుల ప్యాక్‌లు 12 కావాలి, 84 రోజులవి 4 చాలు. రెండు మొత్తాలూ కాగితం మీద పక్కపక్కన రాసి, ఏది తక్కువో చూడండి. వేసవిలో రీచార్జ్ ఆపినా, 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు పోయే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

మీ ఫోన్లకు భిన్నమైన కంపెనీ మేలు

పరీక్షలో రెండు నెట్‌వర్క్‌లు దాదాపు సమానంగా వస్తే, మీ ఫోన్లలో లేని కంపెనీ సిమ్‌నే ట్యాబ్‌లో వేయండి. వానకు కరెంటు పోయి ఒక కంపెనీ టవర్ ఆగితే ఇంట్లో రెండో దారి ఉంటుంది. అమ్మ ఫోన్ హాట్‌స్పాట్‌తో ట్యాబ్ నడుస్తుంది, అవసరమైతే ట్యాబ్ హాట్‌స్పాట్‌తో నాన్న ఫోన్ నడుస్తుంది. పరీక్షల ముందు వారంలో ఈ ఏర్పాటు విలువ బాగా తెలుస్తుంది.

సిమ్ ఎవరి పేరు మీద?

18 ఏళ్లు నిండని పిల్లల పేరు మీద సిమ్ ఇవ్వరు. తల్లి లేదా తండ్రి పేరు మీద, సొంత కేవైసీతోనే తీసుకోండి. ఇంకెవరి పేరు మీదో ముందే యాక్టివేట్ అయిన సిమ్‌ను ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి. ఒక వ్యక్తి పేరు మీద 9 సిమ్‌ల వరకే ఉండాలి. మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో చూడవచ్చు. మీకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి.

ట్యాబ్ నంబరును బ్యాంకు ఖాతాకు, యూపీఐకి జతచేయకండి. అది పిల్లల చేతిలో ఉండే పరికరం. ఓటీపీలు అక్కడికి రాకూడదు.

ట్యాబ్ ఐఎంఈఐ నంబరును ఈ రోజే డైరీలో రాసుకోండి. పెట్టె మీద, సెట్టింగ్స్‌లో ఉంటుంది. ట్యాబ్ పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ నంబరుతో సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. సిమ్ ఉన్న ట్యాబ్‌కు ఉన్న పెద్ద మేలు ఇది. వైఫై ట్యాబ్‌కు ఐఎంఈఐ ఉండదు.

తర్వాత నెట్‌వర్క్ మార్చాలంటే

ఈ ఎంపిక జీవితకాలానికి కాదు. ఒక కంపెనీలో 90 రోజులు దాటాక నంబరు మారకుండానే ఇంకో కంపెనీకి వెళ్లవచ్చు. ఆ నంబరు నుంచే ఇంగ్లిషులో 'పోర్ట్' అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కు ఎస్‌ఎంఎస్ పంపాలి. ఇక్కడ ట్యాబ్ వాడేవారికి ఒక చిక్కుంది. ఐప్యాడ్ నుంచి ఇలాంటి ఎస్‌ఎంఎస్ పోదు. సిమ్‌ను కాసేపు ఫోన్‌లో వేసి పంపండి. వచ్చే కోడ్ మన రాష్ట్రంలో నాలుగు రోజులే చెల్లుతుంది కాబట్టి, స్టోర్‌కు వెళ్లే వీలు చూసుకుని అప్పుడే పంపండి. కొత్త సిమ్‌ను కూడా మొదట ఫోన్‌లో వేసి యాక్టివేట్ చేసుకుని, ఆ తర్వాత ట్యాబ్‌లోకి మార్చడం సులువు.

ఈ నెల ఇంటి పని

నోట్‌బుక్‌లో ఒక పట్టిక గీయమని పిల్లలకు చెప్పండి. నిలువు గడుల్లో నెట్‌వర్క్ పేర్లు, అడ్డ గడుల్లో మూడు రోజుల అంకెలు, చివర అతి తక్కువ వేగం, వీడియో ఎన్నిసార్లు ఆగింది. కింద ఒక వాక్యం వాళ్లే రాయాలి: మన ఇంటికి ఏ నెట్‌వర్క్, ఎందుకు? పేరెంట్స్ మీటింగుకు వచ్చేటప్పుడు ఆ పేజీ తెచ్చి, మీ వీధిలోనే ఉండే ఇతర తల్లిదండ్రుల పట్టికతో పోల్చి చూడండి. రీచార్జ్ డబ్బు ఎటు పోతుందో, ఎందుకు పోతుందో తమ చేతిలెక్కతో తెలుసుకున్న పిల్లలు ఆ డేటాను జాగ్రత్తగా వాడతారు.