నాసిరకపు బొగ్గు – దాని శుద్ధి

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందలి మెట్టభూములలో వానలు తప్పిన యేడు రైతునకు బావియే దిక్కు. బావికి విద్యుత్తు దిక్కు. ఆ విద్యుత్తునకై ఎట్టి బొగ్గు కాలుచున్నదో, ఎంత బూడిద మిగులుచున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

మన నెల్లూరు జిల్లాలోనే, ముత్తుకూరు మండలము నేలటూరు వద్ద, శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అందు 800 మెగావాట్ల యూనిట్లు మూడు గలవు. మొదటి రెండును 2015లోను, మూడవది 2023లోను వాణిజ్యోత్పత్తి ప్రారంభించినవి. ఒడిశా గనుల బొగ్గు పారదీప్ రేవు మీదుగా ఓడలలో కృష్ణపట్నము చేరి దీనికి ఉపయోగపడుచు వచ్చినది.

బొగ్గులోని రాయి

మన దేశపు బొగ్గులో గంధకము తక్కువ, అది మేలు. కాని బూడిద హెచ్చు. సాధారణముగా నూటికి 35 మొదలు 45 వంతుల వరకు బూడిదయే. నూటికి 40 వంతులు బూడిద గల బొగ్గును 1000 టన్నులు తెచ్చినచో, అందు 400 టన్నులు కాలని పదార్థమే. దానికిని రైలుకూలి, ఓడకూలి చెల్లింపవలెను. అది బొగ్గుపొడి చేయు యంత్రములను, బాయిలరు గొట్టములను అరుగదీయును. గొట్టము పగిలినచో యూనిటు ఆగును.

శుద్ధి చేయు విధము

మన యిండ్లలో స్త్రీలు బియ్యము గాలించి రాళ్లు వేరుచేయుదురు గదా! బొగ్గు శుద్ధియు అట్టిదే. బొగ్గును పగులగొట్టి, జల్లెడపట్టి, మాగ్నటైట్ అను ఇనుప ఖనిజపు పొడి కలిపిన నీటిలో వేయుదురు. ఆ నీరు బరువైనది గనుక మంచి బొగ్గు తేలును, రాయి మునుగును. ఖనిజపు పొడిని అయస్కాంతముతో రాబట్టి మరల వాడుదురు. బూడిద 40 నుండి 34 శాతమునకు తగ్గినచో, పై 1000 టన్నులకు బదులు సుమారు 910 టన్నులు చాలును. బూడిద 400 టన్నులకు బదులు 310 టన్నులే మిగులును.

అయితే శుద్ధికి నీరు, వ్యయము కావలెను. రాతితో కొంత బొగ్గును పోవును. దూరపు విద్యుత్కేంద్రములకు పంపు బొగ్గులో బూడిద 34 శాతము మించరాదని 2014లో కేంద్ర ప్రభుత్వము విధించిన నిబంధన 2020 మే నెలలో తొలగింపబడినది. గనివద్ద త్రోసివేసిన బొగ్గు వేరొకచోట కాలుచునే యున్నదనునది అప్పుడు చెప్పిన కారణములలో నొకటి. కావున శుద్ధి యొక్కటియే చాలదు. తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తు నిచ్చు సూపర్ క్రిటికల్ బాయిలర్లు, పొగలోని బూడిదను పట్టు యంత్రములు, పట్టిన బూడిదకు వినియోగము – ఈ మూడును కావలెను.

పంచాయతీల పాత్ర

ఈ మూడవదానిలో గ్రామములకు పాత్ర గలదు. థర్మల్ కేంద్రమునకు 300 కిలోమీటర్ల లోపల జరుగు నిర్మాణములలో బూడిదను, బూడిద ఇటుకలను వాడవలెనని 2021 డిసెంబరు ప్రకటన నిర్దేశించుచున్నది. ఉదయగిరి, ఆత్మకూరు రెండును ఆ పరిధిలోనివే. బడిగోడ కట్టునపుడు, రోడ్డు వేయునపుడు సభ్యులు ఈ సంగతి ఇంజనీరును అడుగవలెను. తగినన్ని దినములు నీరు పట్టి గట్టిపడిన ఇటుకలనే తీసికొనవలెను. కాల్చిన ఇటుకకై త్రవ్వు పొలపు పైమట్టి మిగులును. విద్యుత్కేంద్రము పొరుగున నున్న గ్రామములకు బూడిదదిబ్బల బాధ తగ్గును.

మన బావికి నీరు తోడు విద్యుత్తు వేరొక ఊరికి ధూళి కాకుండ చూచుట అందరి బాధ్యత.