నడకయు మాటయు

మనస్సునందలి బాధను మాటలచే వెలిబుచ్చించి స్వస్థత గూర్చు విధానమునకు సంభాషణ చికిత్స యని పేరు. ఇది సాధారణముగా నొక గదిలో జరుగును. రోగియు వైద్యుడును ఆరుబయట ప్రక్కప్రక్కన నడచుచు జరుపుకొను పద్ధతియు గలదు. ఇది నేటి వింత యని పలువురు తలంతురు గాని, యీ చికిత్సకు ఆద్యులలో ముఖ్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడే యొకమారు దీనిని జేసి చూపెను.

1910వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన హాలెండు దేశమందలి లైడెన్ పట్టణమున నిది జరిగెను. గుస్తావ్ మాలర్ ఆ కాలమున యూరపుఖండమున మిగుల ప్రసిద్ధుడైన సంగీతకర్త, ఏబది యేండ్లవాడు. తన భార్య ఆల్మా మనస్సు వేరొకనిపై మరలెనని యెరిగి కృశించుచుండెను. ఫ్రాయిడును జూడ సమయము గోరుట, పిదప రానని తెలుపుట, ఇట్లు పలుమారులు జరిగెను. తన గాయమును పరునికి జూపుటకు వేగిరపడువాడెవడు? తుదకు, సెలవులకై సముద్రతీరమున నున్న ఫ్రాయిడు లైడెనునకు వచ్చి యతనిని గలిసికొనెను. ఇరువురును పట్టణవీథులలో రమారమి నాలుగు గంటలు దిరుగుచు మాటలాడిరి.

ఆ సంభాషణలో మాలరునకు బాల్యమందలి యొక సంగతి జ్ఞప్తికి వచ్చెనట. తలిదండ్రులు ఘోరముగా గలహించుచుండగా సహింపజాలక బాలుడు వీథిలోనికి బరుగెత్తెను. అచ్చట నెవడో చేతితో ద్రిప్పెడు వాద్యమున వేడుకపాట వాయించుచుండెను. గంభీరమైన తన సంగీతము నడుమ చిల్లరపాటల జాడ యేల దొరలుచున్నదో అతనికి నాడు తెలిసెను. ఆ మాటల వలన మాలరునకు జాల మేలు గలిగినదని తాను విన్నట్లు 1935లో ఫ్రాయిడు ఒక లేఖలో వ్రాసెను. వ్యాధిమర్మ మంతయు బయల్పడెనని మాత్రము వ్రాయలేదు. మాలర్ మరుసటియేడు మే 18వ తేదీన మరణించెను. ఇది స్నేహితుల షికారు గాదు, వైద్యమే యనుటకు వేరొక సాక్ష్యము వలదు: ఫ్రాయిడు తన రుసుము చీటిని మృతుని యాస్తి చక్కబెట్టువారికి బంపి సొమ్ము రాబట్టుకొనెను!

నడక యేల నోరు విప్పించును? ఫ్రాయిడు తన గదిలో రోగిని మంచముపై బరుండబెట్టి తాను తల వెనుక గూర్చుండెడివాడు. దినమునకు గంటల కొలది ఒకరు తన ముఖమునే చూచుచుండుట తనకు దుర్భరమని యతడే చెప్పికొనెను. చూపులు గలియకున్న రోగికిని స్వేచ్ఛ కలుగును. నడచువారికి మంచముతో బనిలేదు. ఇరువురి దృష్టియు త్రోవమీదనే యుండును. గదిలో మౌనము నేరమువలె దోచును. త్రోవలో మౌనమునకు అడుగుల చప్పుడు తోడుండును. ప్రధానోపాధ్యాయుని గదికి బిలువబడిన బాలుడు స్తంభమువలె నిలుచుట మన మెరుగనిది గాదు. ఆ బాలుడే సాయంకాలము ఆటస్థలమునకు బోవు దారిలో ప్రక్కన నడచు నుపాధ్యాయునితో ఇంటి కష్టమును జెప్పుకొనుటయు గలదు.

ఆరుబయలే యేల యనువారికి శాస్త్రపరిశోధనలు కొంత చెప్పుచున్నవి. 2014లో ప్రకటితమైన స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయ పరీక్షలయందు, కూర్చున్నప్పటికంటె నడచునప్పుడు క్రొత్త భావములు మెండుగా దోచినవి. 2015లో ప్రకటితమైన వేరొక పరీక్షయందు, చెట్లుచేమలు గలచోట 90 నిమిషములు నడచినవారికి తమ్ము దామే నిందించుకొను తలంపులు తగ్గెను. బండ్ల రద్దీ గల బాటను నడచినవారికి తగ్గలేదు.

లూకా సువార్తయందు ఎమ్మాయు గ్రామమునకు బోవు నిరువురి కథ మన పాఠశాలలో నెరుగనివారుండరు. మార్గమున వారిని గలిసికొనిన ప్రభువు, సమస్తము నెరిగియుండియు, ఏమి జరిగినదని వారినే యడిగెను. ముందుగా వారి దుఃఖమును వారినోటనే చెప్పనిచ్చి, పిమ్మట బోధించెను. మన పెద్దలలో ననేకులు బోధనుండియే మొదలిడుదురు. పిల్లవాని కథ మిగిలిపోవును.

అయినను త్రోవకు గోడలు లేవు. ఎదురుగా బంధువులు వత్తురు, తోటివిద్యార్థులు పొంచి విందురు. కావున ఏ దారిని బోవలెనో, ఎవరైన బలుకరించిన నేమనవలెనో ముందే యనుకొనుట వైద్యుల వాడుక. విన్నమాటను ఇతరుల చెవిని వేయరాదు. దీనికి మినహాయింపొకటి గలదు: ప్రక్కన నడచువాడు ప్రాణము దీసికొందునని సూచించెనేని, ఎట్టి రహస్యప్రమాణము జేసియున్నను దానిని విడిచి, వానిని ఒంటరిగా వదలక వెంటనే పెద్దలకును వైద్యునకును దెలుపవలెను. 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ వారు 14416 అను ఫోను సంఖ్యపై ఇట్టివారితో మాటలాడుదురు. స్నేహితుని నడక వైద్యునకు బదులు గాజాలదు.

ఎండ ముదిరిన వేళను, కాలు సాగనివారితోను నడక పొసగదు. అప్పుడు చెట్టునీడ నొకే బల్లపై, ఇరువురును ఒకే దిక్కునకు మొగముంచి కూర్చుండిన చాలును.