స్లో ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ: ఏది కొనాలి, ఎలా మార్చాలి?

"అన్నయ్యా, ఆన్ బటన్ నొక్కి టీ పెట్టుకుని వచ్చినా ఇంకా ఆ చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి." ఖమ్మం నుంచి చెల్లి ఫోన్. నేను 2018లో బీటెక్‌లో చేరినప్పుడు నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. నాకు జాబ్ వచ్చాక చెల్లికి ఇచ్చేశాను. పక్కనుంచి నాన్న, "కొత్తది కొనేద్దాం లేరా, ఈఎంఐలో వస్తుంది కదా" అంటున్నారు. ఒక్క వారం ఆగండి నాన్నా అన్నాను.

చివరికి కొత్తది కొనలేదు. ఎస్‌ఎస్‌డీ వేశాం, ల్యాప్‌టాప్ లేచి కూర్చుంది. కానీ ఆ వారంలో నేను రెండు తప్పులు చేశాను. ఒకదానికి డబ్బు పోయింది, ఇంకోదానికి మళ్లీ రాని ఒక వీడియో పోయింది. మీరు ఆ రెండూ చేయకూడదనే ఈ ఆర్టికల్. స్టెప్ బై స్టెప్ చూద్దాం.

స్లో అవ్వడానికి కారణం డిస్కేనా?

ముందు ఇది తేల్చుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా అన్నది అక్కడే కనిపిస్తుంది. ఆన్ చేసిన మొదటి పది నిమిషాలూ డిస్క్ 100 శాతం దగ్గరే ఉండి, సీపీయూ మాత్రం 10, 20 శాతంలో ఖాళీగా కూర్చుంటే దొంగ దొరికినట్టే. ప్రాసెసర్ పని చేయడానికి రెడీగా ఉంది, డిస్క్ డేటా అందించలేకపోతోంది.

మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్ కూడా తక్కువైందని అర్థం. ర్యామ్ నిండినప్పుడు విండోస్ డిస్క్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకుంటుంది. హార్డ్ డిస్క్ మీద ఆ పని జరిగితే నరకమే. 4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు వీలైతే ఎస్‌ఎస్‌డీతో పాటు 8 జీబీకి పెంచుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అది పెంచలేం. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి కూడా స్లోగా ఉంటే సమస్య వేరే చోట ఉంది. డ్రైవ్ పూర్తిగా నిండిపోయిందా, ల్యాప్‌టాప్ వేడెక్కుతోందా, స్టార్టప్‌లో పది యాప్‌లు లేస్తున్నాయా చూడండి.

హార్డ్ డిస్క్ ఎందుకంత వెనకబడుతుంది?

పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది 5400 ఆర్‌పీఎం డిస్క్. అంటే లోపలి ప్లేటు నిమిషానికి 5400 సార్లు, సెకనుకి 90 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకి 11 మిల్లీ సెకన్లు. కావాల్సిన డేటా హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు పడుతుంది. హెడ్ ఆ ట్రాక్ దగ్గరికి జరగడానికి ఇంకో పది, పన్నెండు మిల్లీ సెకన్లు. అన్నీ కలిపితే సెకనుకి 60 చిన్న ముక్కలు చదవడం గగనం. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకి 240 కేబీ!

సినిమా ఫైల్ కాపీ చేస్తే ఇదే డిస్క్ 100 ఎంబీ స్పీడ్ చూపిస్తుంది, ఎందుకంటే అది వరసగా ఒకే చోట ఉన్న డేటా. విండోస్ బూట్ అవ్వడం అలా కాదు. వేల చిన్న చిన్న ఫైళ్లు, డిస్క్ అంతా చెల్లాచెదురుగా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి వేలల్లో ముక్కలు చదివేస్తుంది. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. బాక్స్ మీద పెద్దగా రాసే 3500, 7000 అంకెల్లో కాదు.

డేటా ముందు, స్పీడ్ తర్వాత

నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఖమ్మం వెళ్లగానే, కొంచెం స్పీడ్ వస్తుందేమో అని రాత్రంతా డీఫ్రాగ్ పెట్టి పడుకున్నాను. పొద్దున్నే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ టూల్ వేసి చూస్తే పసుపు రంగులో "కాషన్" అని ఉంది. పెండింగ్ సెక్టార్ల దగ్గర సున్నా ఉండాల్సింది, లేదు. అంటే కొన్ని చోట్ల డేటాని డిస్క్ చదవలేకపోతోంది. స్లో అవ్వడానికి అది కూడా ఒక కారణమే, చదవలేని చోట డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది.

వెంటనే ఫోటోలు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ మొదలుపెట్టాం. దాదాపు అన్నీ వచ్చాయి. మూడు ఫైళ్లు రాలేదు. అందులో ఒకటి తాతయ్య ఉన్న చివరి సంక్రాంతికి నేను తీసిన వీడియో. ఇంకెక్కడా కాపీ లేదు. అమ్మ ఏమీ అనలేదు, "పోన్లేరా, ఫోటోలున్నాయిగా" అంది. అది డీఫ్రాగ్ వల్లే పోయిందని గట్టిగా చెప్పలేను. కానీ పోవడానికి సిద్ధంగా ఉన్న డిస్క్‌తో రాత్రంతా పని చేయించడం మాత్రం ముమ్మాటికీ తప్పే.

కాబట్టి ఆర్డర్ ఇది. మొదట డిస్క్ హెల్త్ చూడండి. ఎలా ఉన్నా సరే, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌కో క్లౌడ్‌కో కాపీ చేయండి. కాపీ అయిన ఫైళ్లలో కొన్నిటిని తెరిచి చూడండి. ఆ తర్వాతే మిగతా పని. డిస్క్ పసుపో ఎరుపో చూపిస్తే డీఫ్రాగ్, చెక్ డిస్క్ లాంటివి ముట్టుకోవద్దు.

మీ మెషీన్‌లో ఏ స్లాట్ ఉంది?

డబ్బు పోయిన తప్పు ఇది. ల్యాప్‌టాప్ వెనక మూత తీస్తే ఎం.2 స్లాట్ ఖాళీగా కనిపించింది. ఇంకేముంది అని ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ ఆర్డర్ పెట్టేశాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పట్టింది. కానీ బయోస్‌లో కనిపించలేదు. ఆ స్లాట్ సాటా ఎస్‌ఎస్‌డీలకి మాత్రమే పని చేస్తుందని సర్వీస్ మాన్యువల్‌లో ఒక లైన్ ఉంది. అది నేను కొన్న తర్వాత చదివాను.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఎం.2 అనేది ఆకారం పేరు, స్పీడ్ పేరు కాదు. మొత్తం మూడు రకాలు:

1. 2.5 అంగుళాల సాటా: పాత హార్డ్ డిస్క్ ఉన్న చోటే పడుతుంది. సెకనుకి 550 ఎంబీ వరకు స్పీడ్. మందం 7 మిల్లీమీటర్లు. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లది అయితే చిన్న స్పేసర్ పెట్టుకోవచ్చు.
2. ఎం.2 సాటా: చూయింగ్ గమ్ పట్టీలా ఉంటుంది. స్పీడ్ మాత్రం మొదటి రకంతో సమానం.
3. ఎం.2 ఎన్‌వీఎమ్‌ఈ: పీసీఐఈ ద్వారా పని చేస్తుంది. జెన్ 3 అయితే 3500 ఎంబీ దాకా, జెన్ 4 అయితే 7000 ఎంబీ దాకా.

సైజు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో 2242, 2230 మాత్రమే పడతాయి. మీ మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ వెతికి, స్టోరేజ్ పేజీ చదివాకే ఆర్డర్ పెట్టండి. చాలా పాత డెస్క్‌టాప్ బోర్డులు ఎన్‌వీఎమ్‌ఈ నుంచి బూట్ అవ్వవు. వాటికి 2.5 అంగుళాల సాటానే సేఫ్, ఒక సాటా కేబుల్ అదనంగా కొనుక్కోవాలి.

సాటా మాత్రమే పడుతుందని బాధపడకండి. బ్రౌజర్, వర్డ్, ఆన్‌లైన్ క్లాసులకి సాటాకి, ఎన్‌వీఎమ్‌ఈకి మధ్య తేడా చేతికి తెలియడం కష్టం. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా అదే పెద్ద గెంతు.

ఏది కొనాలి?

కెపాసిటీ: ఇప్పుడు ఎంత వాడుతున్నారో చూసి దానికి రెట్టింపు తీసుకోండి. చెల్లి డిస్క్ 1 టీబీ అయినా వాడింది 180 జీబీనే, కాబట్టి 500 జీబీ సరిపోయింది. 120 జీబీ జోలికి వెళ్లకండి, విండోస్ అప్‌డేట్‌లకే ఇరుకైపోతుంది.

ఫ్లాష్ రకం: టీఎల్‌సీ అంటే ఒక సెల్‌లో 3 బిట్లు, క్యూఎల్‌సీ అంటే 4 బిట్లు. క్యూఎల్‌సీ చవక, కానీ పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు క్యాష్ నిండగానే స్పీడ్ బాగా పడిపోతుంది. ఒకటే డ్రైవ్ ఉండే ల్యాప్‌టాప్‌కి టీఎల్‌సీ బెటర్.

టీబీడబ్ల్యూ: వారంటీలో ఎన్ని టీబీ రాయొచ్చో చెప్పే అంకె. 200 టీబీడబ్ల్యూ ఉన్న డ్రైవ్‌లో రోజుకి 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ, అంటే 27 ఏళ్లు. మామూలు వాడకానికి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. వారంటీ 3 ఏళ్లా, 5 ఏళ్లా అన్నది చూడండి.

నకిలీలు: నమ్మలేనంత తక్కువ ధరకి 2 టీబీ ఎస్‌ఎస్‌డీ కనిపిస్తే నమ్మకండి. లోపల చిన్న మెమరీ పెట్టి పెద్ద సైజు చూపించే డ్రైవ్‌లు ఉన్నాయి. నిండేదాకా అంతా బాగానే ఉంటుంది, తర్వాత ఫైళ్లు పాడవుతాయి. రెండోసారి నేను ఆన్‌లైన్ మానేసి సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, పాత డిస్క్ ఫోటో చూపించి, బిల్లు, వారంటీ అడిగి 2.5 అంగుళాలది తీసుకున్నాను.

క్లోనా, ఫ్రెష్ ఇన్‌స్టాలా?

పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే క్లోన్ చేయొచ్చు. విండోస్, సాఫ్ట్‌వేర్‌లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇస్తాయి. కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి చేసుకోవాలి. క్లోనెజిల్లా లాంటి టూల్స్ పెద్ద డిస్క్ నుంచి చిన్న డిస్క్‌కి నేరుగా ఒప్పుకోవు, ముందు పార్టిషన్ తగ్గించాలి.

డిస్క్ చెడిపోతుంటే క్లోన్ వద్దు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ వేసుకుని ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేయండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన డిజిటల్ లైసెన్స్ డిస్క్‌కి కాదు, ప్రధానంగా మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే నెట్ కనెక్ట్ అవ్వగానే యాక్టివేట్ అవుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి, టీపీఎం 2.0 ఉంటేనే విండోస్ 11కి అధికారికంగా సపోర్ట్ ఉంది. చెల్లిది 8వ జనరేషన్ కాబట్టి గట్టెక్కాం. అంతకన్నా పాతదైతే లైనక్స్ మింట్ లాంటిది ఆలోచించండి, ఎస్‌ఎస్‌డీ మీద హాయిగా నడుస్తుంది.

మార్చే పద్ధతి

1. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ ఉందో లేదో చూసి పేపర్ మీద రాసుకోండి. అది లేకపోతే పాత డిస్క్ తర్వాత తెరుచుకోదు.
2. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ విప్పండి. ఏదైనా లోహపు వస్తువు ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి.
3. స్క్రూలన్నీ ఒకే సైజు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోట పెట్టండి.
4. పాత డిస్క్ బ్రాకెట్ విప్పి కొత్తదానికి బిగించి, కనెక్టర్‌లో నేరుగా తొయ్యండి. ఎం.2 అయితే ఏటవాలుగా పెట్టి, కిందికి నొక్కి స్క్రూ వేయండి.
5. మూత పూర్తిగా బిగించే ముందే బ్యాటరీ కనెక్టర్ పెట్టి ఆన్ చేసి, బయోస్‌లో డ్రైవ్ కనిపిస్తోందో లేదో చూడండి.

11వ జనరేషన్, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నిట్లో విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవ్ కనిపించదు. కంగారు పడకండి. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అక్కడే లోడ్ చేస్తే సరిపోతుంది.

మార్చిన తర్వాత

ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ అక్కర్లేదు, విండోస్ దానంతట అదే ట్రిమ్ చేస్తుంది. పది, పదిహేను శాతం ఖాళీ ఉంచండి. పాత డిస్క్ బాగుంటే ఎన్‌క్లోజర్‌లో వేసి బ్యాకప్‌కి వాడుకోండి, పసుపు చూపించినదాన్ని మాత్రం బ్యాకప్‌గా నమ్మకండి. ఎస్‌ఎస్‌డీ కూడా పోతుంది. పైగా చప్పుడు లేకుండా, ఒక్కసారిగా పోవచ్చు. ట్రిమ్ అయిన ఫైళ్లని రికవరీ షాపు వాళ్లు కూడా సాధారణంగా వెనక్కి తేలేరు. అందుకే ఎస్‌ఎస్‌డీ వేసుకున్నాక బ్యాకప్ అవసరం ఇంకా పెరుగుతుంది.

చెల్లి ల్యాప్‌టాప్ ఇప్పుడు టీ పెట్టేలోపు కాదు, గిన్నె స్టవ్ మీద పెట్టేలోపే ఆన్ అవుతోంది. నాన్నకి ఈఎంఐ తప్పింది. ఫోటోలు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నాయి, నెలకోసారి కాపీ చేయడం చెల్లి డ్యూటీ. మీరు మాత్రం ఇవాళ ఎస్‌ఎస్‌డీ ఆర్డర్ పెట్టే ముందు, మీ పాత డిస్క్‌లో మాత్రమే ఉన్న ఫోల్డర్ ఏదో గుర్తు తెచ్చుకుని, దాన్ని ఇంకో చోటికి కాపీ చేయండి.