పిల్లల మానసిక ఆరోగ్య సంస్థలో ఇంటర్న్‌షిప్: చేరే ముందు కొన్ని మాటలు

ఇంటర్న్‌షిప్ కోసం నాకు ఫోన్ చేసే విద్యార్థులు మొదట అడిగేది, “సార్, అక్కడ పిల్లలకు కౌన్సెలింగ్ చేయనిస్తారా?” అని. చేయనివ్వరు. చేయనిస్తామంటే ఆ సంస్థకు పోవద్దు. డిగ్రీ రెండో ఏడాది చదివే మిమ్మల్ని, దిగులుతో ఉన్న పన్నెండేళ్ల పిల్లతో ఒంటరిగా గదిలో కూర్చోబెట్టారంటే అక్కడ మీ పని చూసే పెద్దదిక్కు లేదనే అర్థం.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 సిలబస్‌తో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. దాంతో ఎవరో ఒకరి సంతకం దొరికితే చాలనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పీజీ సీటో, రీసెర్చ్ ఉద్యోగమో కావాలనుకునేవాళ్లకు ఆ సంతకం పనికిరాదు. మన బనగానపల్లె నుంచి అయితే నంద్యాల, కర్నూలు, అనంతపురం, కుదిరితే హైదరాబాద్ వైపు చూడాలి. బస్సు ఖర్చు, రూము అద్దె ముందే లెక్క వేసుకోండి. స్టైపెండ్ ఉందా, సర్టిఫికెట్‌లో ఏం రాస్తారు, మీ పని ఎవరు చూస్తారు అనే మూడూ ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇంటర్న్‌షిప్‌కు ఎదురు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

మీకిచ్చే పని ఫారాలు నింపడం, ఎక్సెల్‌లో ఎక్కించడం, ఇంటర్వ్యూల రికార్డింగులు విని రాయడం. విసుగు పుట్టించే పనే. మీ మీద నమ్మకం కుదిరేదీ, చెడేదీ అక్కడే.

ఈ రంగంలో చాలాచోట్ల వాడే ఎస్‌డీక్యూ అనే ప్రశ్నావళినే తీసుకోండి. బ్రిటన్ సైకియాట్రిస్టు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో దీన్ని ప్రచురించాడు. 25 వాక్యాలు, ఒక్కోదానికి ‘కాదు’, ‘కొంతవరకు’, ‘నిజమే’ అని మూడు జవాబులు. వాటికి 0, 1, 2 మార్కులు. అయితే ఐదు వాక్యాలకు మాత్రం మార్కులు తిరగేయాలి. చెప్పిన మాట వినడం, ఒక్క మంచి స్నేహితుడైనా ఉండడం, తోటిపిల్లలు ఇష్టపడడం, ఆలోచించి చేయడం, మొదలుపెట్టిన పని పూర్తిచేయడం గురించినవి అవి. వీటికి ‘నిజమే’ అంటే 0, ‘కాదు’ అంటే 2. ఎదుటివాళ్లకు సాయపడే గుణం మీద ఉన్న ఐదు వాక్యాలను సమస్యల మొత్తంలో కలపకూడదు. మిగిలిన 20కి గరిష్ఠం 40.

మా దగ్గర ఒక ఇంటర్న్ ఈ తిరగేయడం మరిచి వారం రోజులు ఫారాలు ఎక్కించింది. అందరితో కలిసిమెలిసి ఉండే పిల్లలకు స్కోరు పెరిగింది. స్నేహితులే లేని పిల్లాడికి తగ్గింది. అంటే చూడాల్సిన పిల్లాడు లిస్టులోంచి జారిపోయాడు. ఎక్సెల్ ఎక్కడా ఎర్ర గుర్తు చూపదు, అంకెలన్నీ పద్ధతిగానే కనిపిస్తాయి. అందుకని మొదటి రోజే పది ఫారాలు చేత్తో లెక్కవేసి, షీటులో వచ్చిన స్కోరుతో సరిచూసుకోండి. ప్రశ్న అర్థం కాలేదని సొంత మాటల్లో మార్చి అడగొద్దు, ఉన్నదే మళ్లీ చదవండి. అమ్మానాన్న పనులకు వలసపోయిన ఇళ్లలో జవాబు చెప్పేది అవ్వ. తల్లి కాలమ్‌లో టిక్కు పెట్టకుండా, చెప్పింది అవ్వ అని రాయండి.

ఇక అనుమతి. హెడ్‌మాస్టర్ సరేనన్నది మీరు బడి గేటు దాటడానికే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో పాల్గొనే 18 ఏళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు నోటిమాటగా, ఆపై వయసువాళ్లు రాతపూర్వకంగా తాము కూడా ఒప్పుకోవాలి. వేలిముద్ర వేసేచోట సంబంధం లేని సాక్షి ఉండాలి. “మా వానికి పిచ్చని రాసుకుంటాండారా?” అని తల్లి నిలదీస్తే వాదించకండి. ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో చెప్పండి. ఆమె వద్దంటే నమస్కారం పెట్టి లేచి రండి.

కొత్తగా ఇదంతా మొదలుపెట్టాలంటే ముందు ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి, అది వచ్చేసరికి ఒక్కోసారి సెమిస్టరే అయిపోతుంది. కొత్త సర్వే చేస్తానని ఉత్సాహపడి, చేతిలో ఏమీ లేకుండా తిరిగొచ్చినవాళ్లను చూశాను. సంస్థ దగ్గర అప్పటికే అనుమతితో సేకరించిన డేటాతో జవాబు దొరికే చిన్న ప్రశ్న ఒకటి ఎంచుకోండి. పూర్తవుతుంది.

ఏ పిల్లయినా “ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా” అంటే మాట ఇవ్వకండి. “నీకు ప్రమాదం ఉంటే పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది” అని ముందే చెప్పండి. లైంగిక వేధింపు విషయం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. ఆ నిమిషమే సూపర్‌వైజర్‌కు చెప్పండి. వాళ్లు నాన్చితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. రికార్డింగులు వినీ వినీ మీకే నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది మన ఊళ్లు చిన్నవి కావడం వల్ల. పేరు తీసేశాం కదా అని రిపోర్టులో ‘బనగానపల్లె, తొమ్మిదో తరగతి, తల్లి లేదు, తండ్రి నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో కూలీ’ అని రాస్తే, ఆ పిల్లాడెవరో మూడు వీధుల వాళ్లకు తెలిసిపోతుంది. ఊరు తీసేయండి, తరగతి బదులు వయసు ఎంత నుంచి ఎంత వరకో రాయండి, తండ్రి పని వదిలేయండి. ఫారాల ఫొటోలు వాట్సాప్‌లో పంపొద్దు. చివరి రోజు ఫోన్‌లో ఉన్న పిల్లల సమాచారమంతా సూపర్‌వైజర్ ముందే తీసేయండి.

ఆర్నెల్ల తర్వాత, మీరు ఫారం నింపిన పిల్లాడు బస్టాండులో వాళ్లమ్మతో కనిపిస్తే మీరుగా పలకరించొద్దు. వాడు పలకరిస్తే పలకండి.