వేగం వేరు – జాప్యం వేరు

ఉద్దేశం

అనేకులు కలిసి ఆడే అంతర్జాల క్రీడలకు ఇంటి నెట్‌వర్కులో ఏర్పడే అవరోధాలను తెలుసుకోవడం, దోషం ఎక్కడ ఉన్నదో క్రమపద్ధతిలో నిర్ణయించే తార్కిక దృష్టిని అలవరచుకోవడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

చదరంగం ఆడే ఇద్దరి నడుమ ఒకే బల్ల ఉంటుంది. ఒకరు పావును కదిపిన క్షణంలోనే రెండవవారు దానిని చూస్తారు. అంతర్జాలంలో ఆడే ఆటకు అటువంటి ఉమ్మడి బల్ల లేదు. విశాఖపట్నంలో ఒకరు, హైదరాబాదులో ఒకరు, సింగపూరులో మరొకరు కూర్చుని ఆడుతున్నప్పుడు ఎవరి తెర వారిది. ఒకే రంగస్థలానికి ఎన్ని తెరలు ఉంటే అన్ని ప్రతిబింబాలు. ఆ ప్రతిబింబాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేటట్లు చూసేది సర్వర్ అనే దూరపు యంత్రం. ప్రతి క్రీడాకారుని కదలికా ప్యాకెట్లు అనే చిన్న చిన్న సమాచార పొట్లాలుగా సర్వర్‌కు చేరాలి. సర్వర్ నిర్ణయం మళ్ళీ అదే రీతిలో అందరికీ అందాలి. సెకనుకు అనేక పర్యాయాలు సాగే ఈ రాకపోకలలో ఎక్కడ ఆటంకం కలిగినా ఆట చెడుతుంది.

ఆ చెడుట పలురూపాలుగా కనిపిస్తుంది. తెరమీది పాత్ర ఉన్నచోటనే నిలిచిపోయి, మరుక్షణం ఒక్క గెంతున వేరొకచోట తేలుతుంది. గురి తప్పలేదనుకున్న దెబ్బ తప్పుతుంది. స్నేహితుని గొంతు వినిపించదు. కొన్నిసార్లు మిత్రుల జట్టులో చేరడమే సాధ్యపడదు. ఇటువంటివేళ చాలా ఇండ్లలో వినిపించే మాట ఒక్కటే: నెట్ నెమ్మదిగా ఉంది. వెంటనే ఎక్కువ వేగం గల ప్లానుకు మారతారు, నెలనెలా అదనపు రుసుము చెల్లిస్తారు. అయినా ఆట మునుపటివలెనే తెగిపోతూ ఉంటుంది. రోగనిర్ణయం చేయకుండా మందు వాడినందువల్ల కలిగే ఫలితమిది.

వేగం – జాప్యం

వ్యవహారంలో వేగం అని పిలిచేది నిజానికి పరిమాణాన్ని తెలిపే కొలత. ఒక సెకనులో ఎంత సమాచారం తీగ గుండా పోగలదో అది చెబుతుంది. దానిని మెగాబిట్లలో లెక్కిస్తారు. జాప్యం కాలాన్ని తెలిపే కొలత. ఒక ప్యాకెట్టు వెళ్ళి, దానికి ప్రత్యుత్తరం తిరిగి రావడానికి పట్టే సమయాన్ని అది చెబుతుంది. దానిని సెకనులో వెయ్యోవంతు అయిన మిల్లీసెకన్లలో లెక్కిస్తారు. విజయవాడ, హైదరాబాదుల నడుమ రహదారిని నాలుగు వరుసల నుండి ఎనిమిది వరుసలకు విస్తరిస్తే ఎక్కువ వాహనాలు ఒకేసారి పోగలవు. కాని రద్దీ లేని వేళ ఒంటరిగా ప్రయాణించే వ్యక్తికి ఆ సుమారు 275 కిలోమీటర్ల దూరం ఏమాత్రం తగ్గదు. అంతర్జాల క్రీడ అటువంటి ఒంటరి ప్రయాణికుడు. ఆటను దింపుకొనేటప్పుడు ఎన్నో గిగాబైట్లు రావాలి కనుక వేగం అవసరమే. ఆడేటప్పుడు మాత్రం సాధారణంగా సెకనుకు ఒక మెగాబిట్ కూడా ఖర్చు కాదు. అప్పుడు కావలసినది అత్యల్పమైన, నిలకడగల జాప్యం.

చలనచిత్రం ఏ ఆటంకమూ లేకుండా నడిచే ఇంట్లోనే ఆట తెగిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది. చలనచిత్రం ముందే నిర్మితమై ఉంటుంది. రాబోయే కొన్ని సెకన్ల దృశ్యాన్ని యంత్రం ముందుగానే తెచ్చి దాచుకోగలదు. ఆటలో రాబోయే క్షణం ఇంకా పుట్టలేదు. పుట్టనిదానిని దాచుకోవడం సాధ్యం కాదు. అందువల్ల ఎక్కువ ఆటలు 1980లో రూపొందిన యూడీపీ అనే నియమావళిని వాడతాయి. దారిలో పోయిన ప్యాకెట్టును అది తిరిగి పంపదు. ఆలస్యంగా చేరే పాతవార్త కంటె తాజావార్తే ఆటకు మేలు.

జాప్యాన్ని కొలిచే సాధనం పింగ్. అమెరికాకు చెందిన మైక్ మూస్ 1983లో దీనిని రచించాడు. జలాంతర్గాముల ఉనికిని ప్రతిధ్వని ద్వారా కనిపెట్టే సోనార్ శబ్దాన్ని అనుసరించి ఆ పేరు పెట్టాడు. పింగ్ ఫలితంలో మూడు విషయాలను గమనించాలి. సగటు జాప్యం ఎంత? అది నిలకడగా ఉన్నదా, హెచ్చుతగ్గులకు లోనవుతున్నదా? పంపిన ప్యాకెట్లలో ఎన్ని తిరిగి రాలేదు? నిలకడగా ఉండే 60 మిల్లీసెకన్ల కంటె, 20కీ 200కీ నడుమ ఊగిసలాడే జాప్యం ఆటను ఎక్కువగా పాడుచేస్తుంది.

జాప్యానికి ప్రకృతి విధించిన హద్దు కూడా కలదు. గాజుతీగలో కాంతివేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు నుండి సింగపూరు సుమారు 3,300 కిలోమీటర్లు. తిన్నగా తీగ వేసినా వెళ్ళిరావడానికి 33 మిల్లీసెకన్లు తప్పవు. తీగలు తిన్నగా ఉండవు కనుక వాస్తవంలో అంతకంటె ఎక్కువే పడుతుంది. ఎంత రుసుము చెల్లించినా ఈ హద్దు తొలగదు. 1996లో క్వేక్‌వరల్డ్ అనే ఆటను రూపొందించినప్పుడు జాన్ కార్మాక్ ఈ హద్దును తొలగించడానికి ప్రయత్నించలేదు. సర్వర్ జవాబు కోసం వేచి ఉండకుండా, క్రీడాకారుని కదలికను అతని తెరమీద ముందుగానే ఊహించి చూపే పద్ధతిని ప్రవేశపెట్టాడు. టెలిఫోను తీగలమీద నడిచే ఆనాటి నెమ్మది కనెక్షన్లలో కూడా ఆట ఆడదగినదయింది.

దోషాన్వేషణ క్రమం

దోషాన్ని వెదకడానికి భారతీయ తర్కశాస్త్రం చక్కని మార్గం చూపింది. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం శతాబ్దాలుగా తర్కవిద్యకు తొలిమెట్టుగా ఉన్న గ్రంథం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటిలోవలె. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులోవలె అనే అన్వయ వ్యతిరేకాల విచారణ అందులో కనిపిస్తుంది. ఉన్నప్పుడు ఉండడం అన్వయం, లేనప్పుడు లేకపోవడం వ్యతిరేకం. నెట్‌వర్కు దోషాన్ని వెదికేవారు అనుసరించవలసినదీ ఇదే. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. చేసిన తరువాత దోషం పోయిందా, ఉన్నదా అని చూడాలి. రూటర్‌ను మార్చి, తీగను మార్చి, అమరికలనూ మార్చితే ఆట బాగుపడవచ్చు. దేనివల్ల బాగుపడిందో మాత్రం తెలియదు. దోషం మళ్ళీ వచ్చినప్పుడు పని మొదటికి వస్తుంది.

మొదటి పరీక్ష సర్వర్‌కు సంబంధించినది. ఒక ఆట మాత్రమే తెగుతూ తక్కినవన్నీ బాగా నడుస్తుంటే, ఇతర ప్రాంతాల మిత్రులకూ అదే ఇబ్బంది ఉంటే, దోషం ఇంటిలో లేదు. వేచి ఉండడమే కర్తవ్యం.

రెండవ పరీక్ష ఇంటిలోని గాలికి సంబంధించినది. రూటర్ చిరునామా సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అని ఉంటుంది. ఆ చిరునామాకు పింగ్ పంపాలి. తీగతో కలిపినప్పుడు ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే జవాబు వచ్చి, వైఫైలో అది పదులకూ వందలకూ పెరుగుతుంటే దోషం రేడియో తరంగాలలో ఉన్నట్లు నిర్ణయించవచ్చు. వైఫైలో ఒక మార్గం మీద ఒక సమయంలో ఒక్క యంత్రమే మాట్లాడాలి. తక్కినవి వంతు కోసం ఆగాలి. అపార్టుమెంటులో పది ఇండ్ల రూటర్లు ఒకే మార్గాన్ని వాడితే ఈ నిరీక్షణ పెరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి దూరం పోతాయి. కాని మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ పరిధిలోనే పనిచేస్తుంది. అందులో ఒకదానితో ఒకటి కలవని మార్గాలు 1, 6, 11 అనే మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో మార్గాలు ఎక్కువ, రద్దీ తక్కువ. గోడలను దాటే శక్తి మాత్రం తక్కువ. ఇనుప బీరువా వెనుకో, టీవీ వెనుకో దాగిన రూటర్‌ను బయటికి తెచ్చి ఎత్తులో ఉంచడం ఖర్చులేని చికిత్స. ఈథర్‌నెట్ తీగ వేయడం నిశ్చయమైన చికిత్స.

మూడవ పరీక్ష ఇంటివారందరికీ సంబంధించినది. ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు బయటి చిరునామాకు ఒకసారి, ఎవరో ఒకరు ఫోటోలనో వీడియోలనో పైకి పంపుతున్నప్పుడు మరొకసారి పింగ్ కొలవాలి. రెండవసారి జాప్యం అనేక రెట్లు పెరిగితే దోషం బఫర్‌లో ఉన్నది. పంపవలసిన ప్యాకెట్లు బారులు తీరి నిలిచే స్థలమే బఫర్. అది మితిమీరి పెద్దదైతే, ఆటకు చెందిన చిన్న ప్యాకెట్టు పెద్ద వీడియో ప్యాకెట్ల బారు చివర నిలబడవలసి వస్తుంది. జిమ్ గెటిస్ అనే అమెరికా కంప్యూటర్ నిపుణుడు 2010లో తన ఇంటి కనెక్షన్ మీద పెద్ద దస్త్రాలను పంపుతూ ఈ దోషాన్ని కనిపెట్టి, దానికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్‌లు కోడెల్ అనే పరిష్కారాన్ని ప్రకటించారు. బారు ఎంత పొడవుగా ఉందని చూడక, ప్యాకెట్టు అందులో ఎంతసేపు నిలిచిందని చూడడమే దానిలోని కీలకం. ఈ సదుపాయం గల రూటర్‌లో వేగాన్ని అసలు వేగంలో సుమారు 90 శాతానికి పరిమితం చేస్తే బారు రూటర్ అదుపులోకి వస్తుంది. కొంత వేగాన్ని వదులుకొని జాప్యాన్ని తగ్గించుకోవడం ఇక్కడి విశేషం.

చిరునామాల కొరత

పై పరీక్షలన్నీ నెగ్గినా కొందరికి మిత్రుల జట్టులో చేరడం సాధ్యం కాదు. దీనికి కారణం చిరునామాలో ఉన్నది. 1981లో స్థిరపడిన ఐపీ నాలుగవ సంచికలో సాధ్యమైన చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచ స్థాయిలో వాటి నిల్వ 2011 ఫిబ్రవరి 3న పూర్తిగా ఖాళీ అయింది. ఈ కొరతను తట్టుకోవడానికి 1990వ దశకంలోనే నాట్ అనే చిరునామా మార్పిడి పద్ధతి వచ్చింది. ఇంటిలోని అన్ని పరికరాలకూ కలిపి బయట ఒకే చిరునామా ఉంటుంది.

దీనిని విద్యార్థుల వసతిగృహంతో పోల్చవచ్చు. అందరికీ వసతిగృహం చిరునామా ఒక్కటే. విద్యార్థి ఉత్తరం రాసినప్పుడు వార్డెన్ ఆ వివరాన్ని పుస్తకంలో నమోదు చేసుకొని, జవాబు రాగానే ఆ గదికి పంపుతాడు. ఎవరూ రాయకుండానే, గది సంఖ్య కూడా లేకుండా ఒక ఉత్తరం వస్తే అది ఎవరిదో తెలియక తిప్పిపంపుతాడు. రూటర్ చేసే పని ఇదే. సర్వర్‌తో ఆడే ఆటలో మొదటి ఉత్తరం లోపలినుండే వెళ్తుంది కనుక చిక్కు లేదు. క్రీడాకారుల యంత్రాలు నేరుగా మాట్లాడుకొనే ఆటలలోను, మాటల సదుపాయంలోను బయటినుండి పిలుపు రావాలి. అక్కడే చిక్కు. ఎక్స్‌బాక్స్‌లో కనిపించే ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అనే పదాలు ఈ వార్డెన్ కాఠిన్యాన్ని తెలిపేవే. పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఫలానా సంఖ్యతో వచ్చే ఉత్తరాన్ని ఫలానా గదికి ఇవ్వమని ముందే చెప్పి ఉంచడం. యూపీఎన్‌పీ అంటే ఆ మాటను యంత్రమే చెప్పుకొనే ఏర్పాటు. ఇది సులభమైనదే కాని, ఇంటిలో చేరిన చెడు ప్రోగ్రాము కూడా దీనిద్వారా తలుపు తెరిపించగలదు. రక్షణవ్యవస్థ మొత్తాన్ని ఆపివేయడం మాత్రం ఎన్నడూ చికిత్స కాదు.

ఇంతచేసినా ఫలితం లేకపోతే రూటర్ పుటలో బయటివైపు చిరునామాను చూడాలి. అది 192.168తో మొదలైతే ఇంటిలోనే రెండు రూటర్లు ఒకదాని వెనుక ఒకటి మార్పిడి చేస్తూ ఉండవచ్చు. ఒకదానిని బ్రిడ్జ్ పద్ధతికి మారిస్తే సరిపోతుంది. అది 100.64 నుండి 100.127 వరకు గల వరుసలో ఉంటే సేవాసంస్థయే అనేక ఇండ్లను ఒకే చిరునామా వెనుక ఉంచినట్లు. ఆ వరుసను 2012లో ఇందుకోసమే కేటాయించారు. వసతిగృహం గేటు బయట మరొక పెద్ద గేటు ఉన్నట్లన్నమాట; లోపలి వార్డెన్‌కు ఎన్ని సూచనలు ఇచ్చినా బయటి గేటు తెరుచుకోదు. సేవాసంస్థను ప్రత్యేక పబ్లిక్ చిరునామా కోరడమో, ఆట అంగీకరిస్తే ఐపీ ఆరవ సంచికను వాడడమో మార్గాలు.

దోషం ఇంటి బయట ఉన్నదని తేలినా ఈ పరీక్షల శ్రమ వృథా కాదు. తేదీ, సమయం, తీగతో కొలిచిన జాప్యం, తిరిగిరాని ప్యాకెట్ల సంఖ్య రాసిపెట్టుకొన్న వినియోగదారుని ఫిర్యాదును సేవాసంస్థ తేలికగా తోసిపుచ్చలేదు. నెట్ నెమ్మదిగా ఉన్నదనే మాటకు ఆధారం లేదు. రాత్రి 9 గంటలకు వంద ప్యాకెట్లలో ఎనిమిది రాలేదనే మాటకు ఆధారం ఉన్నది. ఆట కోసం నేర్చిన ఈ పద్ధతి, ఆన్‌లైన్ తరగతి తెగిపోయినప్పుడూ, దూరదేశంలోని బంధువులతో మాట సగంలో ఆగినప్పుడూ అక్కరకు వస్తుంది.

అర్థాలు

జాప్యం = ఆలస్యం
ప్రత్యుత్తరం = బదులు, జవాబు
అన్వేషణ = వెదకడం
దస్త్రం = ఫైలు
కాఠిన్యం = కఠినత్వం

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. వేగానికీ జాప్యానికీ గల భేదాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. నెట్‌వర్కు దోషాన్ని అన్వేషించే క్రమాన్ని అన్వయ వ్యతిరేకాలతో సమన్వయించి రాయండి.

ఆ) లఘు ప్రశ్నలు
1. చలనచిత్రం నడిచే ఇంట్లో ఆట ఎందుకు తెగిపోవచ్చు?
2. బఫర్‌బ్లోట్ అంటే ఏమిటి?
3. నాట్ పద్ధతిని వసతిగృహంతో ఎట్లా పోల్చారు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. పుట్టనిదానిని దాచుకోవడం సాధ్యం కాదు.
2. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి.

ఈ) సంధులు
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం – యణాదేశ సంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
దోషాన్వేషణ = దోష + అన్వేషణ – సవర్ణదీర్ఘ సంధి

ఉ) సమాసాలు
కాంతివేగం – కాంతి యొక్క వేగం – షష్ఠీ తత్పురుష సమాసం
అన్వయ వ్యతిరేకాలు – అన్వయమును, వ్యతిరేకమును – ద్వంద్వ సమాసం