మార్కుల కాగితం చదువుదాం

"అక్కా, నీ బిడ్డ పది పాసయిందా? ఎంతొచ్చింది?"

"ఏమో మే, ఫస్టు అన్నారు."

ఫలితాలు వచ్చిన రోజు పలమనేరులో అయినా, శ్రీకాళహస్తిలో అయినా ఈ మాటలే వింటాం. ఫస్టు అంటే ఏ ఫస్టు? ఫస్ట్ క్లాసు వేరు. క్లాస్ ఫస్టు వేరు. ఉన్నవి రెండే మాటలు. ముందుది వెనక్కి పోతే అర్థమే మారిపోతుంది. ఫస్ట్ క్లాసు అంటే నూటికి 60, ఆ పైన. అది తరగతిలో ఇరవై మందికి రావచ్చు. క్లాస్ ఫస్టు అంటే ఆ తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు.

మార్కుల కాగితాన్ని మెమో అంటారు. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు. ఒక్కోదానికి 100 మార్కులు. మొత్తం 600. "480 వచ్చింది" అన్నా, "80 పర్సెంటు" అన్నా ఒకటే. పర్సెంటు అంటే శాతం, నూటికి ఎంత అని. మొత్తం మార్కులను ఆరుతో భాగించండి, శాతం వస్తుంది. 480ని ఆరుతో భాగిస్తే 80.

ఎవరైనా మార్కులు చెబితే "ఎంతకు ఎంత?" అని అడగాల. బడిలో పెట్టే చిన్న పరీక్షలో 20 వచ్చిందని బిడ్డను తిట్టేస్తాం. అది 25కి 20 అయితే? నూటికి 80 అన్నమాట! తిట్టిన నోటితోనే మెచ్చుకోవాల.

నూటికి 50 నుండి 60 లోపల సెకండ్ క్లాసు. 35 నుండి 50 లోపల థర్డ్ క్లాసు. అయితే ముందు పాస్ కావాల. ప్రతి సబ్జెక్టులో 35 రావాల. హిందీకి మాత్రం 20 చాలు. మొత్తం ఎంత వచ్చినా, ఒక్కదాంట్లో తగ్గితే పాస్ కాదు.

పెద్ద బిడ్డల మెమోల్లో మార్కులు లేకుండా 9.2 అని ఉండొచ్చు. అది జి.పి.ఎ., పదికి లెక్క. మన రాష్ట్రంలో 2012 నుండి కొన్నేళ్ళు అట్లా ఇచ్చినారు. 2022లో మళ్ళీ మార్కులు ఇచ్చినారు.

ర్యాంకు లెక్క తలకిందులు. మార్కు పెద్దదైతే మంచిది. ర్యాంకు చిన్నదైతే మంచిది. ఈఏపీసెట్ లాంటి పరీక్షలో 5,000 ర్యాంకు 50,000 ర్యాంకు కంటే మేలు. ఎందుకంటే ముందున్న వాళ్ళు తక్కువ మంది.

ఇంక ఫెయిల్ అనే మాట. అది వినగానే "చదువు చాలు, పెళ్ళి చేసేద్దాం" అంటారు ఇంట్లో పెద్దోళ్ళు. తొందరపడొద్దు. మెమో తీసుకుని ఏ సబ్జెక్టు, ఎన్ని మార్కులు అని మీరే చదవండి. పోయిన సబ్జెక్టు ఒక్కటే మళ్ళీ రాస్తే చాలు. దానికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. మార్కులు కూడింది తప్పనిపిస్తే రీకౌంటింగ్ అడగొచ్చు. రీకౌంటింగ్ అంటే మళ్ళీ లెక్కబెట్టడం. రెండిటికీ ఫీజు కట్టే గడువు చిన్నది. ఆ తేదీ హెడ్మాస్టరును వెంటనే అడగండి.

లెక్క చేయండి:

ఒక బిడ్డకు 600కి 378 వచ్చింది. శాతం ఎంత? ఏ క్లాసు?

ఇంకో బిడ్డకూ 378 వచ్చింది. కానీ లెక్కల్లో 31. ఆ బిడ్డ పాసయినట్టా? ఇప్పుడు ఏ పరీక్షకు ఫీజు కట్టాల?